చీలమండ కీలు అతికించుకునే ముందు

మోకాలి మార్పిడి గురించి మన సంఘాల్లో ఇప్పుడు తెలియనివారు లేరు. ఏ కుటుంబంలో చూసినా ఒక అమ్మమ్మకో, ఒక మేనత్తకో ఆ ఆపరేషన్ అయి ఉంటుంది. చీలమండ సంగతి అలా కాదు. "కీలు పూర్తిగా అరిగిపోయిందమ్మా, ఎముకలు అతికించేస్తే నొప్పి పోతుంది" అని డాక్టరుగారు చెప్పగానే రోగి ముఖం మారిపోతుంది. పక్కనున్న కొడుకో, కోడలో "అతికించడమేమిటండీ, కొత్తది వేయరా?" అని అడుగుతారు. ఆ మాట వెనుక ఉన్న భయం ఒకటే. కీలు అతికితే కాలు కర్రలా బిగుసుకుపోతుందని, మనిషి కుంటివాడైపోతాడని.

ఆ భయంతో చాలామంది ఫైలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోతారు. నాలుగైదేళ్ళు నొప్పి మాత్రల మీద గడిపి, కడుపులో పుండో, కిడ్నీల ఇబ్బందో తెచ్చుకుని మళ్ళీ వస్తారు. ఇంకొందరు నొప్పికి విసిగి, ఏమీ అడగకుండానే సంతకం పెట్టేస్తారు. ఆపరేషన్ అయ్యాక వారాల తరబడి ఆ కాలు నేల మీద మోపకూడదని అప్పుడు విని కంగారుపడతారు.

ఆపరేషన్ చేసేది డాక్టరుగారు. కట్టు విప్పిన తరువాత ఆ కాలితో మొదటి అడుగు వేయించేది మా ఫిజియోథెరపీ గది. ఈ ఆపరేషన్ ఎవరికి మేలు చేసిందో, ఎవరికి ఆశించినంత చేయలేదో మాకు దగ్గరగా కనబడుతుంది. నేను చెప్పదలచిన సంగతి ఇది: కీలు ఎంత పాడైందో ఎక్స్‌రే చెబుతుంది. ఆ కాలితో మీరు రోజంతా ఏమేమి చేస్తున్నారో, ఏవి ఎప్పుడో మానుకున్నారో మీరే చెప్పాలి. ఈ రెండో లెక్క వేసుకోకుండా ఎవరూ ఈ ఆపరేషన్‌కు ఒప్పుకోకూడదు, వద్దనీ అనకూడదు.

ముందు ఆ కీలు ఏమిటో చూద్దాం. మోకాలి కింద ఉండే రెండు ఎముకలు కిందికి దిగి, పాదంలోని టాలస్ అనే ఎముకను పైనుంచి, రెండు పక్కల నుంచి పట్టుకునే చోటే చీలమండ. వడ్రంగి ఒక చెక్కలో గాడి తొలిచి రెండో చెక్కను అందులో కూర్చినట్టు ఉంటుంది. పాదం పైకి, కిందికి ఆడేది ఇక్కడ. పాదం పక్కలకు ఒరిగేది దీని కింద ఉన్న మరో కీలులో. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తరువాత అవసరం పడుతుంది.

చీలమండ ఎముకల మీద ఉండే గుజ్జుపొర మందం ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లే. అయినా అది గట్టిది. మోకాలిలాగా వయసుతో దానంతటదే అరిగిపోవడం అరుదు. చీలమండ అరిగి వచ్చే పదిమందిలో ఏడెనిమిది మందికి వెనుక ఒక పాత దెబ్బ ఉంటుంది. బండి మీద నుంచి పడినది, తాటిచెట్టు మీద నుంచి జారినది, మెట్ల మీద పదేపదే మడతపడినది, ఎప్పుడో విరిగితే నాటుకట్టుతో సరిపెట్టుకున్నది. "ఇరవై ఏళ్ళ కిందట ఏమైనా దెబ్బ తగిలిందా?" అని అడిగితే మొదట లేదంటారు. కాసేపు ఆగి "ఆఁ, పెళ్ళికి ముందు ఒకసారి..." అంటారు. మిగిలినవారిలో రుమటాయిడ్ కీళ్ళవాతం ఉన్నవారు, చిన్నప్పటి నుంచి రక్తం గడ్డకట్టని జబ్బున్నవారు, కీలులో చీము పట్టి తగ్గినవారు ఉంటారు.

ఇంకో మాట. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ అడుగున గుచ్చినట్టు వచ్చే నొప్పి ఇది కాదు. అది అరికాలి నరం లాంటి పట్టీ వాపు. దానికి ఈ ఆపరేషన్‌తో సంబంధం లేదు. అలాగే షుగర్ వల్లగాని, కుష్ఠు వల్లగాని పాదాల్లో స్పర్శ పోయినవారికి చీలమండ వాచి వంకరపోతే అది వేరే జబ్బు, దాని వైద్యం వేరు. ఈ వ్యాసం వారి గురించి కాదు. అలాంటివారు నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా వెంటనే చూపించుకోవాలి.

కీలు అతికించడం అంటే అరిగిపోగా మిగిలిన గుజ్జుపొరను గీకి తీసేసి, పచ్చి ఎముకకు పచ్చి ఎముక తగిలేలా ఆనించి, స్క్రూలతోగాని, ప్లేటుతోగాని గట్టిగా నొక్కి బిగించడం. విరిగిన ఎముక అతుక్కున్నట్టే ఆ రెండూ ఒకటైపోతాయి. కొందరికి పెద్ద కోతతో, కొందరికి చిన్న రంధ్రాల గుండా కెమెరా పెట్టి చేస్తారు. పాదాన్ని కాలికి లంబంగా, అంటే నిలబడితే అరికాలు నేలకు సమంగా ఆనేలా, కొద్దిగా బయటికి తిరిగి ఉండేలా నిలుపుతారు. ఆ కోణం సరిగా కుదరడమే సగం విజయం.

ఇది కొత్త ప్రయోగం కాదు. ఆస్ట్రియా సర్జన్ ఎడ్వర్డ్ ఆల్బర్ట్ 19వ శతాబ్దం చివర్లో చచ్చుబడిన కాళ్ళకు ఈ పని చేశాడు. 1951లో ఇంగ్లండు డాక్టరు జాన్ చార్న్‌లీ ఎముకలను నొక్కిపట్టి అతికించే పద్ధతిని చీలమండకు వాడి ప్రకటించాడు. ఆ చార్న్‌లీయే 1960లలో తుంటి మార్పిడిని ప్రపంచానికి నేర్పినవాడు. కీళ్ళు మార్చడంలో అంత పేరు పడ్డ మనిషే అతికించడాన్ని కూడా మంచి వైద్యంగా ఎంచాడు. అతికించడమంటే చేతకాని వైద్యం అనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న: పోయేది ఏమిటి?

"కదలిక పోతుంది" అంటారు. నిజమే. కానీ ఎంత కదలిక మిగిలి ఉంది పోవడానికి? ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోండి. కిటికీ ఊచో, ఎవరి చెయ్యో పట్టుకుని, చెప్పులు లేకుండా గోడకు ఎదురుగా నిలబడండి. మడమ పైకి లేవకుండా మోకాలు వంచి గోడను తాకించండి. బాగున్న కాలైతే వేళ్ళకూ గోడకూ నాలుగు వేళ్ళ ఎడం ఉన్నా మోకాలు తగులుతుంది. బాగా అరిగిన చీలమండకు బొటనవేలు గోడకు ఆనించినా మోకాలు అందదు. అందనివారి చీలమండ చాలావరకు తనంతట తానే బిగుసుకుపోయిందన్నమాట. ఆపరేషన్‌లో వారు పోగొట్టుకునేది మిగిలిన ఆ కాస్త కదలిక, అదీ ప్రతి అడుగుకూ నొప్పి పెట్టే కదలిక. మోకాలు గోడకు ఇంకా తేలిగ్గా అందుతున్నవారు మాత్రం తొందరపడకూడదు. వారు పోగొట్టుకునేది ఎక్కువ.

అతికిన తరువాత పాదం మొద్దులా ఉండిపోదు. కింద ఉన్న కీళ్ళు, పాదం మధ్యలోని చిన్న కీళ్ళు కొంత కదలికను అందుకుంటాయి. సమతలంగా ఉన్న నేల మీద, సరైన చెప్పులతో నడిచేవారిని దూరం నుంచి చూసి ఆపరేషన్ అయిందని పోల్చుకోవడం చాలామందిలో కష్టం. గబగబా మెట్లు దిగేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు, పరుగెత్తబోయినప్పుడు తెలుస్తుంది. పరుగు మాత్రం దాదాపు పోయినట్టే అనుకోవాలి.

విదేశాల పుస్తకాలు ఇక్కడితో ఆపుతాయి. మన ఇళ్ళలో లెక్క ఇంకా ఉంది.

మొదటిది మరుగుదొడ్డి. గొంతుకూర్చోవాలంటే చీలమండ బాగా వంగాలి. అతికిన కాలితో అలా కూర్చోవడం సాధ్యం కాదు. ఈ ఒక్క కారణంతో ఆపరేషన్ వద్దనేవారు ఎందరో ఉన్నారు. వారిని నేను అడిగే ప్రశ్న ఒకటే: "ఇవాళ పొద్దున మీరు ఎలా కూర్చున్నారు?" చాలామంది ప్లాస్టిక్ కమోడు కుర్చీ కొనుక్కుని ఏడాది దాటిందని చెబుతారు. అప్పటికే పోయినదాన్ని కాపాడుకోవడానికి నొప్పి భరించడం అనవసరం. కొత్త కీలు వేయించుకున్నా పూర్తిగా గొంతుకూర్చునేంత వంపు సాధారణంగా రాదు. అంటే కమోడు ఎలాగూ తప్పదు. ఇంట్లో అది పెట్టించే ఖర్చును ఆపరేషన్ ఖర్చులో భాగంగా ముందే లెక్కవేసుకోండి. పొలానికో, పల్లెలో చుట్టాలింటికో వెళ్ళినప్పుడు ఏం చేయాలో కూడా ఆలోచించుకోండి.

రెండవది మోకరించడం. ఇది మన సంఘాల్లో పెద్దవారు సిగ్గుపడుతూ చివర్లో అడిగే ప్రశ్న. అతికిన పాదం వెనక్కి సాగదు కాబట్టి పాదం పైభాగం నేలకు ఆనేలా కూర్చోవడం కుదరదు. కానీ కాలివేళ్ళను నేలకు మడిచి, మడమ పైకి ఉంచి మోకాళ్ళూనవచ్చు. లంబంగా అతికిన పాదానికి ఆ భంగిమ ఇబ్బంది కాదు. లేవడానికి ముందు బెంచీ ఉంటే చాలు. మేము దీన్ని గదిలో నేర్పిస్తాం. అడగకపోతే మాకు తెలియదు, అడగండి. బాసింపట్టు వేసుకుని చాప మీద కూర్చోవడం చాలామందికి కుదురుతుంది. కూర్చోవడం కన్నా లేవడమే కష్టం.

మూడవది చెప్పులు. అడుగున పడవలా వంపు ఉన్న చెప్పు అతికిన చీలమండ పని సగం తానే చేస్తుంది. మడమ ఆనినప్పటి నుంచి వేళ్ళు లేచేదాకా పాదాన్ని దొర్లిస్తుంది. ఉత్త కాళ్ళతో నడిస్తే ఆ సాయం ఉండదు, కుంటు బయటపడుతుంది. మనవాళ్ళు ఇంట్లో చెప్పులు వేసుకోరు, చాలా గుళ్ళలో వాకిట్లోనే విడిచి లోపలికి వెళతారు. నా ఉద్దేశంలో సంఘపెద్దలు ఈ విషయంలో కాస్త ఉదారంగా ఉండాలి. కాలికి ఆపరేషన్ అయినవారు శుభ్రమైన వేరే జత లోపల వేసుకుంటే ఎవరి భక్తికీ లోటు రాదు.

ఇక పనులు. మన రోడ్ల మీద తిరిగే మోటారు సైకిళ్ళలో గేరు ఎడమ కాలికి, వెనుక బ్రేకు కుడి కాలికి ఉంటాయి. రెంటికీ చీలమండ ఆడాలి. ఏ కాలికి ఆపరేషన్ అయినా చేతితో బ్రేకులు వేసే, గేర్లు లేని స్కూటరుకు మారడం క్షేమం. కారు నడపడం చాలామంది మళ్ళీ మొదలుపెడతారు. కుడికాలైతే బ్రేకు ఎంత వేగంగా నొక్కగలరో చూసుకుని, డాక్టరు సరేనన్న తరువాతే. కాలితో తొక్కే కుట్టు మిషనుకు మోటారు బిగించుకోవాలి. పొలం గట్ల మీద, బురద మడిలో నడిచేవారికి పాదం పక్కలకు ఒరగడం ముఖ్యం. ఆ పని చేసే కింది కీలు బాగుంటే వారు పొలానికి తిరిగి వెళ్ళగలరు. తాటిచెట్లు ఎక్కే పని, ఎత్తైన నిచ్చెనల మీద పని మాత్రం మానుకోవాలి.

కొత్త కీలు వేయించుకోవచ్చు కదా అన్న ప్రశ్నకు వద్దాం. అమెరికాలోనో, హైదరాబాదులోనో ఉన్న పిల్లలు ఫోనులో ఇదే అడుగుతారు. చీలమండ మార్పిడి ఉన్నది, కొందరికి అదే మేలు. బ్రిటన్‌లో 17 ఆసుపత్రులు కలిసి చేసిన ఒక పెద్ద పరిశీలన ఫలితం 2022లో వచ్చింది. 50 నుంచి 85 ఏళ్ళ మధ్యవారు, 282 మంది. చీటీ తీసినట్టు సగం మందికి మార్పిడి, సగం మందికి అతికింపు చేశారు. ఏడాది తరువాత నడకలోనూ, నిలబడడంలోనూ రెండు గుంపులూ బాగా కోలుకున్నాయి. మార్పిడి వైపు కొద్ది మొగ్గు కనిపించినా, గట్టిగా చెప్పగలిగినంత తేడా రాలేదు. గాయం మానడంలో ఇబ్బందులు మార్పిడి అయినవారిలో నూటికి 13 మందికి, అతికించినవారిలో ఆరుగురిలోపు మందికి వచ్చాయి. మరోవైపు అతికించినవారిలో నూటికి ఏడుగురికి ఎముక సరిగా అతకక బాధ మిగిలింది.

ఆ పరిశీలనను నేను గౌరవిస్తాను. కానీ అందులో అడిగినవి ఎంత దూరం నడవగలరు, ఎంతసేపు నిలబడగలరు వంటి ప్రశ్నలు. నేల మీద కూర్చుని లేవడం గురించి, ఉత్త కాళ్ళ నడక గురించి అక్కడివారిని అడగవలసిన పని లేదు. కాబట్టి ఆ ఫలితాన్ని మన ఇంటికి తెచ్చుకునేటప్పుడు ఆ మేరకు సర్దుకోవాలి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. శరీర కష్టం చేసేవారు, యాభై ఏళ్ళలోపువారు, ఒక చీలమండ మాత్రమే పాడై కింది కీలు బాగున్నవారు అతికించుకోవడం మంచిది. కొత్త కీలు బరువు పనులకు అరిగి వదులవుతుంది. దాన్ని తీసి మళ్ళీ ఏదైనా చేయాలంటే ఎముక తరిగిపోయి ఉంటుంది, ఆ రెండో ఆపరేషన్ మొదటిదానికన్నా కష్టం. అతికినది అతికితే అలాంటి భయం లేదు. వయసు పైబడినవారు, మెల్లగా తిరిగేవారు, రుమటాయిడ్ వల్ల పాదంలోని మిగతా కీళ్ళు కూడా పట్టేసినవారు, రెండు చీలమండలూ పోయినవారు మార్పిడి గురించి దానిలో అనుభవం ఉన్న సర్జన్‌తో మాట్లాడాలి. ఒక కాలు అతికి ఉన్నా బతుకు సాగుతుంది. రెండూ అతికితే కుర్చీలోంచి లేవడం, వాలు ఎక్కడం చాలా కష్టమవుతుంది. ఏడాదికి ఒకటో రెండో చేసే చోట కన్నా తరచుగా చేసే చోటే చీలమండ మార్పిడి చేయించుకోవాలని గట్టిగా చెబుతాను, అది మా ఆసుపత్రి కాకపోయినా సరే.

ఆపరేషన్ దాకా రాకముందు చేయవలసినవి ఉన్నాయి. చాలామంది వీటిని దాటవేసి నేరుగా సర్జన్ దగ్గరికి వస్తారు. వంపు అడుగున్న చెప్పులు. చీలమండను కదలకుండా పట్టే పట్టీ, లేదా పిక్క దాకా వచ్చే ప్లాస్టిక్ తొడుగు. నొప్పి లేని వైపు చేతిలో కర్ర (చాలామంది నొప్పి వైపే పట్టుకుంటారు, అది తప్పు). బరువు తగ్గడం. కీలులో స్టీరాయిడ్ సూది కొన్ని వారాలో, నెలలో ఉపశమనం ఇస్తుంది, పదేపదే వేయించుకోకూడదు. ఈ మధ్య రక్తం తీసి, దానిలోని ప్లేట్‌లెట్లను వేరుచేసి కీలులోకి ఎక్కించే సూదులకు పట్టణాల్లో బాగా డబ్బు తీసుకుంటున్నారు. చీలమండ అరుగుదలకు వాటిని నెదర్లాండ్స్‌లో వందమంది మీద పరీక్షించి 2021లో ఫలితం ప్రకటించారు. ఉత్త సెలైన్ సూది వేసినవారికన్నా వారికి ఎక్కువ మేలు జరగలేదు. ఆ డబ్బుతో మంచి చెప్పులు కొనుక్కోండి.

ఆ ప్లాస్టిక్ తొడుగుకు ఇంకో ఉపయోగం ఉంది. అది వేసుకుంటే చీలమండ దాదాపు అతికినట్టే ఉంటుంది. మూడు నాలుగు వారాలు దానితో మీ మామూలు పనులన్నీ చేసి చూడండి. నొప్పి బాగా తగ్గి, "ఈ బిగుతు నేను భరించగలను" అనిపిస్తే ఆపరేషన్ మీకు పనికివస్తుందనడానికి మంచి గుర్తు. నొప్పి తగ్గకపోతే అది వేరే కీలు నుంచి వస్తున్నదేమో చూడాలి. డాక్టరుగారు చీలమండలోకి మాత్రమే మత్తు సూది వేసి నొప్పి పోతుందో లేదో పరీక్షించగలరు. నొప్పి కింది కీలుదైతే పైకీలు అతికించి లాభం లేదు. ఈ రెండు పరీక్షలూ జరిగాకే తేదీ తీసుకోవాలని నా సలహా.

తేదీ తీసుకునే ముందు ఇంట్లో అందరూ ఒకచోట కూర్చోవాలి. ఎందుకంటే ఆపరేషన్ గంటల పని, ఆ తరువాతిది నెలల పని. మామూలుగా మొదటి ఆరు వారాలు ఆ కాలు నేల మీద మోపకూడదు. చంక కర్రలో, వాకరో వాడాలి. రెండు వారాల పాటు పగలంతా కాలు ఎత్తు మీద పెట్టుకుని ఉండాలి. తరువాత కట్టుతోగాని, బూటుతోగాని కొద్దికొద్దిగా బరువు మోపడం, ఎక్స్‌రేలో అతుకు కనిపించాక మామూలు చెప్పు. అన్నీ సవ్యంగా సాగితే మూడు నెలలు. వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది దాకా పట్టవచ్చు. రక్తం గడ్డకట్టకుండా డాక్టరు ఇచ్చిన మందు మానకూడదు. పిక్కలో కొత్త నొప్పిగాని, ఆయాసంగాని వస్తే ఆ రాత్రే ఆసుపత్రికి రావాలి.

ఈ మూడు నెలలు నీళ్ళు ఎవరు మోస్తారు? వంట ఎవరు చేస్తారు? మగవారికి ఆపరేషన్ అయితే ఈ ప్రశ్నకు జవాబు ఎవరూ వెతకనక్కరలేదు, భార్య ఉంటుంది. ఆడవారికి అయితేనే చిక్కు. నాలుగో వారానికే ఒంటికాలి మీద గెంతుతూ పొయ్యి దగ్గర నిలబడ్డ తల్లులను చూశాం. అతుకు కదిలిపోతే తప్పు ఆమెదంటారు. ఇంటి పని పంచుకుంటామని కొడుకులు, అల్లుళ్ళు డాక్టరు ఎదుట మాట ఇచ్చాకే సంతకం పెట్టండమ్మా అని నేను చెబుతుంటాను. సంఘంలోని స్త్రీల సమాజాలు ఈ విషయంలో చాలా చేయగలవు. పరామర్శకు పండ్లు తేవడం కన్నా వారానికి రెండు పూటల క్యారేజీ ఎక్కువ ఉపకారం. కూలి మీద బతికేవారు మూడు నెలల సంపాదన కూడా లెక్క కట్టాలి. ప్రభుత్వ వైద్య పథకం, తెలంగాణలో ఆరోగ్యశ్రీ అయినా, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ అయినా, మీ ఆపరేషన్‌కు వర్తిస్తుందో లేదో ముందుగానే కౌంటరులో అడిగి తెలుసుకోండి. అది కూలి డబ్బు ఇవ్వదు.

పొగాకు గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. సిగరెట్టు, బీడీ, చుట్ట కాల్చేవారికి ఎముక అతకకపోయే ప్రమాదం కొన్ని రెట్లు ఎక్కువ. రక్తనాళాలు ముడుచుకుపోయి ఎముకకు చేరవలసిన రక్తం చేరదు. మానకపోతే ఆపరేషన్ వాయిదా వేసే సర్జన్‌ను తప్పుపట్టకండి, ఆయన మీ మేలే చూస్తున్నాడు. షుగర్ అదుపులో లేనివారిదీ అదే మాట. పుండు మానక, చీము పడితే కీలు సంగతి అలా ఉంచి కాలే ప్రమాదంలో పడుతుంది.

ఇంకొకటి దాచకూడదు. అతికిన కీలు మోయని భారం పక్క కీళ్ళ మీద పడుతుంది. పాత దెబ్బ వల్ల చీలమండ అతికించుకున్న 23 మందిని సగటున 22 ఏళ్ళ తరువాత పరీక్షించి అమెరికా డాక్టర్లు 2001లో రాశారు. చాలామందికి పాదంలోని ఇతర కీళ్ళు అరిగి ఉన్నాయి. అంటే నలభై ఏళ్ళకు చేయించుకున్నవారికి అరవై దాటాక మళ్ళీ నొప్పి రావచ్చు. ఇది విని కొందరు వెనక్కి తగ్గుతారు. నేను వారిని ఆపను. కానీ మధ్యలో వచ్చే ఆ ఇరవై ఏళ్ళు ఎలాంటివో కూడా చూడాలి. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, సంపాదన అన్నీ ఆ ఏళ్ళలోనే జరుగుతాయి. వాటిని నొప్పితో గడపాలా, నొప్పి లేకుండా గడపాలా అన్నది ఎక్స్‌రే చూసి ఎవరూ చెప్పలేరు.

వద్దనుకునేవారిని పిరికివారని అనకూడదు. మా దగ్గరికి వచ్చే ఒక రిటైరైన ఉపాధ్యాయుడు తొడుగు, కర్ర, వంపు చెప్పులతో ఆరేళ్ళుగా నెట్టుకొస్తున్నారు. ఉదయం పేపరు తెచ్చుకోవడం, సాయంత్రం మనవణ్ణి బడి నుంచి తీసుకురావడం ఆయనకు కావలసిన నడక. ఆ మేరకు నొప్పి అదుపులో ఉంది. ఆయనకు ఆపరేషన్ ఎందుకు? అదే ఎక్స్‌రే ఉన్న ఒక తాపీమేస్త్రీ రోజుకు నాలుగు మాత్రలు మింగుతూ పనికి వెళుతున్నాడు. ఆయనకు మాత్రం ఇంకా ఆలస్యం చేయవద్దనే చెప్పాను.

పోయిన నెల ఒక టైలరమ్మ వచ్చింది. ఎడమ చీలమండ, పదిహేనేళ్ళ కిందటి ఆటో ప్రమాదం. తొడుగు వేసుకుని నాలుగు వారాలు కుట్టుపని చేసి చూసుకున్నది. నొప్పి సగానికి పైగా తగ్గిందట, మిషను తొక్కడం మాత్రం కుదరలేదట. "మోటారు పెట్టించాను సార్, పాతది రెండు వేలకు దొరికింది" అంది. అప్పుడే తేదీ ఇవ్వబోతే వద్దంది. కూతురికి ఇంటర్ పరీక్షలు ఉన్నాయి, అవి అయ్యాక కూతురే ఇంట్లో ఉండి చూసుకుంటుందట, పెళ్ళిళ్ళ సీజను గిరాకీ కూడా అప్పటికి అయిపోతుందట. వీటన్నిటినీ ఒక నోటుబుక్కు చివరి పేజీలో రాసుకుని తెచ్చింది. డాక్టరుగారు ఆ పేజీని ఎక్స్‌రే పక్కన పెట్టి చదివి, జూన్ రెండో వారానికి ఆమె పేరు రాశారు.